పోతలో పడ్డ మచ్చ

చాంద్రికి కోపం వచ్చిందంటే ఇంట్లో ముందుగా గిన్నెలకు తెలుస్తుంది. ఆ తరువాత మొగుడు గోప్యాకు, ఆ తరువాత వాడకంతా తెలుస్తుంది. కొడుకు సంతోష్‌కు మాత్రం ఎప్పుడూ తెలియదు. వాడి మీద ఆమెకు కోపం రాదు, ఒకవేళ వచ్చినా వాడి దాకా చేరేలోపే చల్లారిపోతుంది. ఒక్కగానొక్క కొడుకు మరి! బాన్సువాడ బజారులో బోరు మోటార్లకు రాగితీగ చుట్టే షాపు వాడిది. పొద్దున కాలిన మోటారు తెస్తే సాయంత్రానికల్లా నీళ్లు పోయించి పంపుతాడని పేరు. యాసంగి నాట్లప్పుడు ఆ షాపు ముందు రైతులు బారులు తీరి కూర్చుంటారు.

వాడికి తొమ్మిదో ఏట మోచేతి దగ్గర రూపాయి బిళ్లంత తెల్లమచ్చ పడ్డది. పదో ఏటికి రెండు చేతులకూ పాకింది, పన్నెండో ఏటికి గదవ కిందికి ఎక్కింది. చాంద్రి తిరగని దవాఖాన లేదు, తాగించని కషాయం లేదు. "దీంతో ప్రాణానికేం కాదమ్మా, ఇది ఎవరికీ అంటుకోదు, ఫికర్ చేయకు" అన్నాడు నిజామాబాద్‌లో ఒక డాక్టరు. ఫికర్ చేయొద్దంటే తల్లి మానేస్తుందా! ఆ మచ్చలకు బొల్లి అని పేరు. డాక్టరూ అన్నాడు, వాడలో ఆడవాళ్లూ గుసగుసగా అన్నారు. చాంద్రి నోటి వెంట మాత్రం ఇరవై ఏళ్లలో ఆ మాట ఒక్కసారీ రాలేదు. ఎత్తక తప్పకపోతే "గదే" అనేది. "గదే జర పెరిగినట్టుంది", "గదే కనబడకుండ గుండీ పెట్టుకో". నడి ఎండాకాలంలో కూడా కొడుక్కు పొడుగు చేతుల అంగీ తొడిగించి, మణికట్టు దగ్గర గుండీలు తనే పెట్టి పంపేది. గడ్డం పెంచమన్నదీ ఆమే. షాపు వైపు మాత్రం తను ఎన్నడూ పోలేదు. పదిమంది వాడిని ఎగాదిగా చూస్తుంటే తట్టుకునే గుండె ఆమెకు లేదు. మధ్యాహ్నం సద్ది కూడా గోప్యా చేతికిచ్చి పంపేది.

వాడికి ఇరవై తొమ్మిది వచ్చింది. పిల్లనెవరిస్తారా అని ఆమె కుమిలిపోతుంటే, ఒకనాడు వాడే తల గోక్కుంటూ తల్లి దగ్గరికి వచ్చాడు.

"యాడీ, ఒక పిల్ల ఉన్నది. హేమలత అని. కాలువ మీది తండా, ధన్‌సింగ్ బిడ్డ. మాకు ఇష్టమే. నువ్వు పోయి మాట్లాడాలె."

చాంద్రికి నేల మీద కాలు నిలవలేదు. నిజాంసాగర్ కాలువ కింద నాలుగెకరాలున్న ధన్‌సింగ్‌ను ఎరగనిదెవరు? పిల్ల ఇంజినీరింగు చదివి హైదరాబాదు అవతల ఒక కార్ఖానాలో పెద్ద నౌకరీ చేస్తున్నదట. విమానాల ఇంజన్లలో తిరిగే రెక్కలు పోత పోసే కార్ఖానా అది. పోసిన రెక్కల్లో మంచిదేదో చెడ్డదేదో చూసి రాయడం ఆ పిల్ల పని. "నీ చేతులు చూసిందా?" అని అడుగుదామని చాంద్రికి నాలుక చివరి దాకా వచ్చింది. అడిగితే ఆ ముచ్చట మాట్లాడాలి కదా, అందుకని మింగేసింది.

వాళ్ల తండాల్లో సంబంధం ఖాయం కావాలంటే కాగితాలూ అక్కర్లేదు, ఉంగరాలూ అక్కర్లేదు. నలుగురు పెద్దల ముందు బెల్లం ముద్ద పగలగొట్టి, రెండు వైపుల వాళ్లూ నోట్లో వేసుకుంటే మాట ముడిపడినట్టే. బెల్లం తిన్నాక మాట తప్పినవాణ్ణి తండాలో ఎవరూ మనిషిలా చూడరు. చాంద్రి బిచ్కుంద సంతకు పోయి, నాలుగు కొట్లు తిరిగి, నల్లని మెత్తని బెల్లం ముద్ద తెచ్చింది. బయలుదేరే రోజు పొద్దున గడ్డం దాచని చోట కొడుకు గదవకు పౌడరు అద్దింది, అద్దినదాన్ని చీరె కొంగుతో సరిచేసింది, మళ్లీ అద్దింది. వాడు గదవ పైకెత్తి నిలబడ్డాడు.

ధన్‌సింగ్ ఇంట్లో మర్యాదకేం తక్కువ కాలేదు. మంచాల మీద కొత్త దుప్పట్లు పరిచారు. హేమలత తల్లి జమ్లి చాయ పోసింది. హేమలత వచ్చి కాళ్లు మొక్కింది. చామనచాయ పిల్ల, గట్టి చూపు, జడ మాత్రం సరిగ్గా వేసుకోలేదు. చాంద్రికి చూడగానే నచ్చింది. జడ సంగతి తరువాత తను చూసుకోవచ్చు అనుకున్నది.

పెద్దల్లో ఇంకా ఒకరు రావాలి. ఆ సందులో చాంద్రి చేతులు కడుక్కోవడానికి ఇంటి వెనక్కి పోయింది. గోడకు అవతల హేమలత ఫోనులో మాట్లాడుతున్నది. పరాయి మాటలు వినే అలవాటు చాంద్రికి లేదని చెప్పలేను గానీ, ఆ రోజు మాత్రం వినాలని వినలేదు, చెవిన పడ్డాయి.

"మచ్చలున్నయా? ఎన్ని? ... లేదు స్పందనా, ఒక్కటున్నా వద్దు. పైకెంత మంచిగ కనబడితే ఏంది, మచ్చ ఉన్నంక ఎట్ల తీస్కుంటం?"

చాంద్రి చేతిలో చెంబు అక్కడే ఆగిపోయింది.

"గీకితే పోదే. ఏం చేసినా పోదు. అది పుట్టుకల్నే వచ్చింది. ... వాళ్లు బాధపడ్తరని మనం కండ్లు మూసుకోవాల్నా? వద్దు. వద్దని రాసెయ్యి. నా పేరు మీదనే రాయి."

ఆ పిల్లకు తెలిసిపోయింది! పౌడరు అద్దినా, గుండీలు పెట్టినా ఎట్లానో తెలిసిపోయింది. ఇక్కడ చాయలు పోస్తూ కాళ్లు మొక్కుతూ, అక్కడ దోస్తుతో నా కొడుకును వద్దంటున్నది! పుట్టుకల్నే వచ్చిందట. అంత మంటలోనూ చాంద్రికి ఆ ముక్క మరీ మండింది. పుట్టుకతో ఎక్కడ వచ్చింది, తొమ్మిదో ఏట కదా వచ్చింది!

అడిగేద్దామంటే ఎట్లా అడుగుతుంది? నా కొడుక్కు ఇది ఉన్నదని తన నోటితోనే చెప్పాల్సి వస్తుంది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. ముందుకొచ్చి, బెల్లం ముద్దను గుడ్డలో మూటగట్టి, చంకన పెట్టుకున్నది.

"ఇయ్యాల దినం మంచిగ లేదు. పోదాం పా."

"ఏందక్కా, ఏమైంది? పంతులును అడిగే పెట్టుకుంటిమి గద!" అని ధన్‌సింగ్ లేచి నిలబడ్డాడు.

"మంచిగ లేదంటే లేదన్నా."

అంతే. అరికాలి మంట నెత్తికెక్కిన చాంద్రిని ఆపే మొనగాడు ఆ జిల్లాలో లేడు. గోప్యా చాయ సగంలో వదిలేసి వెనకాలే నడిచాడు. సంతోష్ హేమలత వైపు చూశాడు, హేమలత సంతోష్ వైపు చూసింది. ఇద్దరికీ ఏమీ అర్థం కాలేదు.

మూడు రోజులు ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు. "ఏమైందో చెప్పు యాడీ" అని కొడుకు బతిమాలాడు. "గా పిల్ల మనకొద్దు" అన్నది తప్ప ఆమె ఇంకో మాట అనలేదు. కారణం చెబితే వాడు ఎంత నొచ్చుకుంటాడో అని ఆమె బాధ. వాడు అరవలేదు, అలగలేదు, పొద్దున్నే చేతులు చాపి గుండీలు పెట్టించుకుని షాపుకు పోయాడు. ముఖం మాత్రం పీక్కుపోయింది. అది చూసి చాంద్రి పొయ్యి ముందు కూర్చొని కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. ఆ హేమలతను తిట్టింది, ఆమె కార్ఖానాను తిట్టింది, ఆఖరికి తన కడుపును కూడా తిట్టుకుంది.

నాలుగో రోజు పదకొండు గంటల వేళ, కట్టెల పొయ్యి మీద అన్నం దగ్గరపడుతుండగా, వాకిట్లో ఆటో ఆగింది.

"అత్తమ్మా!"

హేమలత! చాంద్రి గరిటె పట్టుకునే లేచింది.

"ఎవరికి అత్తమ్మ? ఏ ముఖం పెట్టుకొని వచ్చినవ్?"

"ఉన్న ముఖం పెట్టుకొనే వచ్చిన. నేనేం తప్పు చేసిన్నో చెప్పు, పోత. చెప్పకుంటే మాత్రం పోను. సెలవు ఇంకో రెండు రోజులు పెంచుకున్న." ఆ పిల్ల చెప్పులు విప్పి లోపలికి వచ్చి, అడగకుండానే పీట లాక్కుని పొయ్యి పక్కన కూర్చున్నది.

ఎంత ధైర్యం! చాంద్రి నోట మూడు రోజులుగా దాచిపెట్టుకున్నదంతా ఒక్కసారిగా తన్నుకొచ్చింది. "తప్పేం చేసినవా? నా కొడుకుకు మచ్చలున్నయి, వద్దని రాసెయ్యి, నా పేరు మీదనే రాసెయ్యి అని నీ దోస్తుకు ఫోన్ల చెప్పలే? గీకినా పోదన్నవ్! పుట్టుకల్నే వచ్చిందన్నవ్! ఇంట్ల మేం కూసుండంగ, బెల్లం గూడ పెట్టుకొని కూసుండంగ!"

హేమలతకు నవ్వు వచ్చింది. ఆపుకుందామని చూసింది. ఆగలేదు. చాంద్రికి ఒళ్లు మండి గరిటె ఎత్తేసరికి, నవ్వుతూనే రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నది.

"కొట్టకు, కొట్టకు! గది రెక్కల ముచ్చట అత్తమ్మా! మా కార్ఖానాల రెక్కలకు మచ్చలొచ్చినయి. స్పందన నా కింద పనిచేసే పిల్ల. ఏం రాయాలె అని అడిగితే చెబుతున్న. ఇంగ్లీషుల దాని పేరు ఫ్రెకిల్. మేమందరం మచ్చ అనే అంటం. పోత పోసేటప్పుడే వచ్చేదాన్ని పుట్టుకల వచ్చింది అంటం."

"ఇనుముకు మచ్చలేంది? ఎవరికి చెబుతున్నవ్!"

"ఇనుము గాదు, నికెలు. ఫోటో చూపిద్దామంటే లోపలికి ఫోన్లు తీస్కపోనియ్యరు." హేమలత చుట్టూ చూసింది. పొయ్యి మీద అన్నం ఉడుకుతున్నది. గంజి వార్చకుండా ఇంకించే అన్నం. ఎసరు ఇంకుతూ, మెతుకుల మధ్య నుంచి ఆవిరి బుసబుసమని పైకి తంతున్నది. "ఇగో, గిట్ల రా. అన్నం మీద బొక్కలు పడుతున్నయి చూడు. ఎందుకు పడ్డయి?"

"ఎసరు ఇంకుతుంటే పడవా? ఆవిరి పైకి రాదా?"

"గంతే! మా రెక్కలు కూడ అడుగు నుంచి పైకి గట్టిపడాలె. అచ్చును కొలిమిల పెట్టి మెల్లగ కిందికి దించుతం. కింద ముందు గట్టిపడ్తది, నారుమడి లెక్క నిలువుగ లేస్తది. బరువున్న సరుకంత ముందుగాల గట్టిపడ్డదాంట్లకు పోతది. మిగిలిన కరిగిన నీరు తేలికైతది. తేలికైంది ఊకుంటదా? గట్టిపడ్తున్నదాని సందులనుంచి దారి చేస్కొని పైకి పోతది, నీ అన్నంల ఆవిరి లెక్కనే. పోయిన దారంట చిన్న చిన్న మచ్చలు, వరుసగ, ఎక్కువ పైతోలు మీదనే పడ్తయి. యాసిడ్‌ల ముంచి తీస్తే కండ్లకు కనబడ్తయి. దించుడు జర జల్దిగుంటే రావు. ఆ రోజు ఎవరో మరీ నెమ్మదిగ దించిండ్రు, పన్నెండు రెక్కలు పాడైనయి."

చాంద్రి అన్నం గిన్నెలోకి తొంగి చూసింది. నలభై ఏళ్లుగా వండుతున్నది, ఎన్నడూ ఇంత తేరిపార చూడలేదు. నిజమే, బొక్కలన్నీ నిలువునా దిగి ఉన్నాయి. పిల్ల అబద్ధం ఆడటం లేదని ఆమెకు తెలిసిపోయింది. అబద్ధం ఆడేవాళ్లు ఇంత పొడుగు చెప్పరు. సిగ్గు ముంచుకొచ్చింది. అయినా లోపల ఇంకొక ముల్లు ఉంది, అది కదలలేదు.

"మచ్చ కనబడితే పారేస్తవు గద?" అన్నది మెల్లగా.

"పారేస్త. ఎన్ని లక్షలదైనా సరే."

"మచ్చలు ఎతికెతికి పారేసే కండ్లు నీవి. రేపు నా కొడుకును ఏ కండ్లతోని చూస్తవ్ బిడ్డా? చిన్న కోపమొచ్చిననాడు అనవా? ఇంక దాచేదేమున్నది, వానికి..." చాంద్రి గరిటె కింద పెట్టింది. "వానికి గదే ఉన్నది. చేతులకు. గదవకు. నేను దాచిన."

హేమలత నవ్వు పోయింది. పొయ్యిలో కట్టెను లోపలికి ఎగదోసింది.

"రెక్క మీద మచ్చ పడ్డదంటే లోపల పోత ఎక్కడ దారి తప్పిందో మొత్తం చెబుతది అత్తమ్మా. అది పగిలితే విమానంల మందికి ముప్పు. అందుకే పారేస్త. మనిషి తోలు మీది మచ్చ ఏం చెబుతది? అక్కడ రంగు పోయిందని చెబుతది. లోపల ఎసుంటోడో ఒక్క ముక్క చెప్పది. పొద్దుందాక మచ్చలు చూసుడే నా నౌకరీ. ఏ మచ్చను పట్టించుకోవాల్నో, ఏది ఇడిసిపెట్టాల్నో నాకు తెల్వకుంటే ఇంకెవరికి తెలుస్తది?" ఆమె చాంద్రి మోకాలి మీద చేయి వేసింది. "ఆయన చేతులు నేను ఎన్నడో చూసిన."

"ఎన్నడు? ఎట్ల చూసినవ్? నేను గుండీలు పెట్టి పంపిస్త గద!"

"అది ఆయన్నే అడుగు. నేను చెబితే మంచిగుండదు."

అన్నం మాడు వాసన వచ్చింది. చాంద్రి గిన్నె దించి, చేతులు తుడుచుకుని, గూట్లోంచి ఫోను తీసింది. ధన్‌సింగ్‌కు కలపమన్నది. హేమలత కలిపి ఇచ్చింది. చాంద్రి ఫోను చెవిన పెట్టుకున్నది. ఈ పని ఇప్పుడు చేయకపోతే ఇక ఎన్నటికీ చేయలేనని ఆమెకు తెలుసు.

"అన్నా, నేను చాంద్రిని. ఆ దినం మంచిగనే ఉండె. అబద్ధమాడిన." ఊపిరి తీసుకున్నది. "నా కొడుక్కు... నా సంతోష్‌కు బొల్లి ఉన్నదన్నా. రెండు చేతులకు ఉన్నది. గదవ కింద ఉన్నది. నేనే దాచిన. తెలిసినంకనే మీరు మాట చెప్పుండ్రి."

ధన్‌సింగ్ గొంతు ఫోనులోంచి పొయ్యి దాకా వినబడింది. "దానికా లేచి వెళ్లిపోయిండ్రు! అరే, చాయల చక్కెర తక్కువైందేమోనని మూడు దినాల సంది ఇంటిదానితోని లొల్లి పెట్టుకున్న గదక్కా! వాని చేతులు నాకెర్కలేదా? నా మోటారు ఎన్నిసార్లు కాలింది, ఎన్నిసార్లు చుట్టిండు! రేపు రాండ్రి. బెల్లం లేకుంటే ఇక్కడ నేనే తెప్పిస్త."

చాంద్రి ఫోను దించింది. వాని చేతులు ఎర్కనే అంటాడేంటి ఈ మనిషి? అటు తిరిగేసరికి గుమ్మంలో సంతోష్ నిలబడి ఉన్నాడు. ఆటోలో వస్తూ హేమలతే చేసిందేమో ఫోను. పొడుగు చేతుల అంగీ, గుండీలు పెట్టే ఉన్నాయి. చెమటకు వీపంతా తడిసి ఉంది. తల్లి నోటి వెంట ఆ మాట రావడం వాడు విన్నాడు. పుట్టి బుద్ధెరిగాక వినడం అదే మొదలు.

"ధన్‌సింగ్ అన్న నీ చేతులు ఎర్కనే అంటుండు. ఎట్లరా?" అన్నది చాంద్రి.

వాడు హేమలత వైపు చూశాడు. హేమలత అన్నం గిన్నె వైపు చూసింది.

"షాపుల అంగీ ఎట్లుంచుకుంటా యాడీ? వార్నిషు, ఆయిలు, ఉడుక. పోంగనే ఇప్పి మేకుకు తగిలిస్త. బనీను మీదనే పనిచేస్త. బాన్సువాడ రైతులందరికి నా చేతులు ఎర్కనే. ఎవరేం అనరు. హేమ మోటారు తెచ్చిననాడు నన్ను మొదలు చూసిందే అట్ల."

"మీ బాకు గూడ ఎర్కనా?"

"సద్ది తెచ్చేది ఆయననే గదా."

గోప్యాకూ తెలుసు! ఇన్నేళ్లు పక్కనే పడుకుని ఒక్క ముక్క చెప్పలేదు, రానీ ఇంటికి, ఆయన సంగతి తరువాత! చాంద్రికి కోపం రాబోయింది గానీ, దాని వెనకే ఇంకొక ప్రశ్న వచ్చింది.

"మరి ఇంట్ల ఎందుకురా? దినాం నాతోని గుండీలు ఎందుకు పెట్టిచ్చుకుంటవ్? ఎండలల్ల ఉడికి చస్తుంటివి గద, నాకు చెప్పకపోతివి!"

వాడు ఇబ్బందిగా మెడ రుద్దుకున్నాడు. "నా చేతులు కనబడ్డప్పుడల్లా నీ ముఖం చిన్నగైతది యాడీ. చిన్నప్పటి సంది చూస్తున్న. నాకు గదొక్కటే చూడబుద్ధి కాదు. గందుకని ఇంటికొచ్చే ముందల ఏస్కుంట."

చాంద్రి కొడుకు దగ్గరికి పోయి, వాడి కుడిచేయి పట్టుకుని, మణికట్టు గుండీ తనే తీసింది. తరువాత ఎడమచేతిది తీసింది. చేతులు మోచేతుల పైదాకా మడిచింది. ఎండ పడుతున్న గుమ్మంలోనే నిలబెట్టి, చిన్నప్పుడు పసరు పూసిన నాటి తరువాత మళ్లీ మొదటిసారి, ఆ రెండు చేతులనూ కళ్లనిండా చూసింది. కన్నీళ్లు ఆగడం లేదు. ముఖం చిన్నబోకుండా ఉండటానికి ఆమె ఎంత కష్టపడిందో ఆమెకే తెలుసు. కొడుకు తన ముఖంలోకే చూస్తున్నాడని తెలిసి, కష్టపడుతూనే నవ్వింది.